వస్తాదు గారి కుడిచెయ్యి

వస్తాదు గారు పోయారని చెప్పడానికి ఆయన శిష్యుడు సైకిలేసుకుని మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళ గ్లాసు ఎడంచేత్తో అందుకున్నాడు. కుడి మణికట్టు వంకర. ఆ వంకర చేసిన మనిషి కోసమే ఎండలో అంతదూరం తొక్కుకుంటూ వచ్చి ఏడుస్తున్నాడు. ఆ చెయ్యి విరిగిన క్షణం ఒక సినిమాలో ఉంది. ఈ చుట్టుపక్కల ఏ టాకీసులో ఆ బొమ్మ ఆడినా సరిగ్గా అక్కడికి వచ్చేసరికి జనం ఈలలు వేసేవారు. నేనూ వేశాను.

ఆయన పేరు రాయను, ఊరి పేరూ రాయను. ద్రాక్షారామం దాటాక కాలవగట్టు వెంబడి చాలా ఊళ్ళున్నాయి, అందులో ఒకటి అనుకోండి. కర్రసాము నేర్పేవారు కాబట్టి అందరికీ వస్తాదు గారే. తాటాకుల పాకలో ఆయన తాలింఖానా. ఎర్రమట్టి నేల, గోడవారగా వరసగా పడుకోబెట్టిన వెదురుకర్రలు. స్నానం చెయ్యకుండా ఆ కర్రల్ని ముట్టుకోకూడదు. ఎంతటివాడైనా కర్రని దాటి నడవకూడదు, చుట్టూ తిరిగి రావాలి. దసరాకి ఆయన శిష్యులు ఊరేగింపులో కర్రలు తిప్పుతుంటే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనెత్తుకుని వెనక్కి జరిగేవారు.

మా జిల్లాలవాళ్ళు తన్నేటప్పుడు కూడా అండీ అనే తంతారని బయటివాళ్ళు వేళాకోళం చేస్తుంటారు. ఈయన విషయంలో అది అక్షరాలా నిజం. "ఎడం భుజం చూసుకోండి" అనేవారు. చూసుకునేలోపే పడేది. నిన్నగాక మొన్న చేరినవాడికైనా అండీయే. "మోకాలండి." మోకాలు వాచేది. "చెవి పక్కనండి." చెవిలోంచి నెత్తురు కారేది. ఎక్కడ కొడుతున్నదీ చెప్పకుండా కొట్టడం పాపమని ఆయన నమ్మకం. చెప్పాక ఎముక విరిగినా అది విద్యేనట. ఇదేం న్యాయమండీ అని ఒకసారి అడిగాను. ఇంతకంటే న్యాయం ఎక్కడన్నా జరుగుతుంటే చూపించమన్నారు.

హోటల్లో ఎప్పుడూ వీపు గోడకి ఆనించి, గుమ్మం కనబడేలా కూర్చునేవారు. ఒకరోజు కొత్తగా వచ్చిన సర్వరు పక్కనుంచి వచ్చి భుజం మీదుగా టీ అందించబోయాడు. గ్లాసు ఎక్కడికి పోయిందో తెలీదు, సర్వరు మటుకు ముక్కు పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు. వస్తాదు గారు గబగబా లేచి తన తువ్వాలుతో వాడి మొహం తుడిచి, తప్పయిపోయిందండి అని పదిసార్లు అన్నారు. నాతో అన్నమాట మటుకు నాకింకా గుర్తుంది. "చెయ్యి ముందెళ్ళిపోద్దండి. నేను వెనకాల వెళ్ళి క్షమాపణ చెప్పుకుంటాను."

చెప్పకుండా ఎప్పుడైనా కొట్టారా అని ఆ రోజే అడిగాను. ఒకసారండి, అని ఇంకో టీ చెప్పారు. నేను తెలుగు మేష్టర్ని. మాటల మధ్య ఏముందో పిల్లలకి చెప్పడమే నా ఉద్యోగం. అయినా ఆ మాట దగ్గర ఆగలేదు.

మా పరిచయం సినిమా వల్ల. డెబ్భైల చివర్లో ఒక వేసవిలో మద్రాసు నుంచి సినిమావాళ్ళు వచ్చి ఆ ఊళ్ళో దిగారు. మాటలు మా వైపు మాటల్లా వినబడ్డానికి నన్ను పెట్టుకున్నారు, దెబ్బలు మా వైపు దెబ్బల్లా కనబడ్డానికి ఆయన్ని పెట్టుకున్నారు. డైరెక్టరు కుర్రవాడు. గడ్డం, జోలెసంచీ, లోకమంతటి మీదా కోపం. పాటలు లేకుండా రాజకీయాల బొమ్మ తీస్తానని పట్టుబట్టి వచ్చాడు. ఆ పట్టుదల నాకు నచ్చింది, ఇప్పటికీ తప్పుబట్టను.

కథ ఆ ఊరిదే. అప్పటికి ఇరవయ్యేళ్ళ కిందట, గురువారం సంతలో, పట్టపగలు ఒక మనిషిని కర్రలతో కొట్టి చంపారు. కూలి పెంచమని సంఘం పెట్టినవాడు. చంపించింది సమితి ప్రెసిడెంటు గారని ఊరందరికీ తెలుసు. కొట్టినవాళ్ళు తలపాగాలు మొహానికి చుట్టుకుని వచ్చారు. సంత నిండా జనం ఉన్నారు, కోర్టుకి వెళ్ళేసరికి ఒక్కరికీ ఏమీ కనబడలేదు. ప్రెసిడెంటు గారు తర్వాత ఇంకా పెద్ద పదవులు చేసి, మంచం మీద సుఖంగా పోయారు. ఆయన కొడుకు, అప్పుడు ఊరి సర్పంచి, కథేమిటో అడక్కుండానే తమ మేడ షూటింగుకి ఇచ్చి, మధ్యాహ్నాలు చేపల పులుసుతో భోజనాలు కూడా పెట్టాడు. వాళ్ళ నాన్ననే విలన్ని చేసి తీస్తున్నారని తెలుసుకోడానికి ఆయనకి సినిమా రిలీజయ్యేదాకా పట్టింది.

వస్తాదు గారికి సినిమా అంటే లెక్కలేదు. మద్రాసు నుంచి తెచ్చిన ఉత్తుత్తి కర్రల్ని చేత్తో తూచి చూసి, జీలుగుబెండు ముక్కల్లా ఉన్నాయండి అని పక్కన పడేశారు. నిజం వెదురే వాడాలి, నా శిష్యులకి ఆపిన దెబ్బ వచ్చు అన్నారు. ఆపిన దెబ్బంటే ప్రాణం పోయేంత జోరుగా వచ్చి ఒంటికి అంగుళం దూరంలో నిలిచిపోయేది. ఒక లైట్‌మన్ తెలీక ఆయన కర్రల్ని దాటాడు. కర్ర దాటారండి, అన్న మాట మేమందరం విన్నాం. ఆ తర్వాత చూసేసరికి లైట్‌మన్ వెల్లకిలా పడి ఉన్నాడు, కర్ర కొస వాడి గొంతు మీద ఉంది, వాడి కళ్ళు బయటికి వస్తున్నాయి. ముగ్గురం లాగితే గానీ ఆయన కదల్లేదు. ఆ పూట షూటింగు లేదు.

సంతలో చంపే సీను రిహార్సలు చేస్తున్నారు. కూలీ నాయకుడి వేషం హీరోది. తల మీద దెబ్బ పడగానే హీరో చెయ్యి ఆకాశానికి చాచి, గుండ్రంగా తిరిగి పడ్డాడు. అందరం చప్పట్లు కొట్టాం. వస్తాదు గారు ఒక్కరే తల అడ్డంగా ఊపారు. "అలా పడడండి మనిషి. ముందు కూర్చుంటాడు. ఏదో పారేసుకున్నట్టు చేత్తో నేల తడుముతాడు. నోట్లోంచి మాట రాదు, గురక వస్తుంది. అదయ్యాకండి పడ్డం." డైరెక్టరు గబగబా పుస్తకంలో రాసుకున్నాడు. మా వైపు మనిషి అనుభవం చూశారా అన్నట్టు నేను అందరి వంకా చూశాను. ఈయనకి ఇంత బాగా ఎలా తెలుసని ఒక్కరం అడగలేదు.

నిజం వెదురుకి హీరో భయపడ్డాడు. బురదలో పడనని వంక పెట్టాడు. వీపు వైపు నుంచి తీసుకుంటే ఎవరైనా సరిపోతారు కదా, డూపుని పిలిపిద్దాం అంటున్నారు. "నేను నిలబడతానండి" అన్నారు వస్తాదు గారు. అరవై దగ్గర పడ్డ మనిషి. అయినా వెనకనుంచి చూస్తే కుర్రాడిలాగే ఉండేవారు. చేతులు కిందికి వేలాడేసి నిలబడాలి, మూడో దెబ్బకి కూర్చోవాలి, తర్వాత పడాలి. అంతే. శిష్యులు గురువు మీద కర్ర ఎత్తం అన్నారు. ఆయన వాళ్ళని పాక వెనక్కి తీసుకెళ్ళి ఏం చెప్పారో, వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి కర్రలు తీసుకున్నారు.

సంతంతా బురద చేశారు. కూలీల పేట జనం, రైతులు, అందరూ చూడ్డానికి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఇరవయ్యేళ్ళ కిందట నిలబడ్డట్టే, అని డైరెక్టరు నా చెవిలో అన్నాడు. కెమెరా తిరిగింది. నలుగురు నాలుగు వైపుల నుంచి వచ్చారు. వస్తాదు గారు మధ్యలో, చేతులు వదిలేసి నిలబడి ఉన్నారు. నేను ఆయన మొహం కనబడేలా పక్కకి జరిగి నిలబడ్డాను కాబట్టి ఆయన పెదవులు కదలడం చూశాను. తనకి తానే ఏదో చెప్పుకుంటున్నారు. మొదటి దెబ్బ ఎడమ నుంచి వచ్చింది. అంగుళం దూరంలో ఆగేదే. ఆగడానికి ముందే ఆయన కుడిచెయ్యి లేచింది. కర్ర లాక్కోవడమూ తిప్పడమూ మా కంటికి అందలేదు. ఎండిన కొబ్బరిమట్ట విరిగిన చప్పుడైంది. శిష్యుడి మణికట్టు లోపలి ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది. "గురువు గారండీ" అని వాడు బురదలో మోకాళ్ళ మీద పడ్డాడు. మిగతా ముగ్గురూ ఏం చెయ్యాలో తెలీక, చెప్పిన ప్రకారం వచ్చి కొట్టేశారు. భయంలో దెబ్బలు ఆపడం మర్చిపోయారు. ఆయన కూర్చున్నారు, నేల తడిమారు, పడ్డారు.

డైరెక్టరు కట్ చెప్పలేదు. చాలాసేపు చెప్పలేదు.

శిష్యుణ్ణి జీపులో ఆస్పత్రికి పంపేశాక, తల పగిలిన వస్తాదు గారు లేచి ఇంకోసారి తీద్దామండి అన్నారు. డైరెక్టరు ఆయన్ని కౌగిలించుకున్నాడు. ఇది దేవుడిచ్చిన షాట్ అన్నాడు. కూలీ నాయకుడు చచ్చేముందు తిరగబడి ఒక్క దెబ్బ కొట్టాడు, సినిమా మొత్తం దీని కోసమే అన్నాడు. ఆయన చేతులు జోడించారు. "ఆ మనిషి కొట్టలేదండి" అన్నారు. ఏ మనిషి, అని డైరెక్టరు అడిగాడు.

సాయంత్రం కాలవలో తల కడుక్కుంటూ నన్ను అడిగారు. మీరు చదువుకున్నోరు, మీ మాట వింటాడు, ఆ ముక్క తీయించెయ్యండి అని. నీళ్ళలో నెత్తురు జీరలు పోతున్నాయి. సినిమా అంటే సినిమాయే కదండీ, జనానికి ఆ దెబ్బ కావాలండీ అన్నాను. నిజం చెప్పాలంటే ఆ దెబ్బ నాకూ కావాలి. దాని తర్వాత చెప్పించడానికి నాలుగు వాక్యాలు అప్పటికే రాసి జేబులో పెట్టుకున్నాను. తీయించమని డైరెక్టర్ని నేను అడగలేదు. అడిగానని ఆయనతో అబద్ధం చెప్పాను.

సినిమా వచ్చింది. ఆ దెబ్బ దగ్గర జనం కుర్చీల మీదికెక్కేవారు. కాగితం ముక్కలు, ఈలలు. ఆ ఊరి టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చున్న పేట జనం లేచి నిలబడి ఏడ్చేవారని విన్నాను. నాకు గర్వంగా ఉండేది. ఒక ఆదివారం ఆ గర్వంతోనే తాలింఖానాకి వెళ్ళాను. వస్తాదు గారు ఆ శిష్యుడికి ఎడంచేత్తో కర్ర తిప్పడం నేర్పుతున్నారు. ఆయన సినిమా చూడలేదు, చూడమని నేను బతిమాలుతున్నాను. అప్పుడే ఆవిడ వచ్చింది.

చచ్చిపోయిన కూలీ నాయకుడి పెళ్ళాం. యాభై దాటి ఉంటుంది. నాలుగాటలు వరసగా చూసిందట. గుమ్మం దగ్గరే నిలబడి, అయ్యా, ఒక మాట అడగడానికొచ్చానంది.

"మా ఆయన్ని సంతలో పడేసిన నాడు నువ్వు ఊళ్ళోనే ఉన్నావంట. ఎవరినడిగినా తెలీదంటారు. బొమ్మలో కొట్టినట్టు, పోయేముందు ఒక్క దెబ్బన్నా కొట్టాడా?"

ఆ మొహం నేను మర్చిపోలేను. ఇరవయ్యేళ్ళ తర్వాత ఆవిడకి ఒక ఆశ పుట్టింది, పుట్టించింది మేము. కొట్టాడని చెప్పెయ్యండి అని నేను కళ్ళతో సైగ చేశాను. శిష్యుడూ అదే కోరుకున్నాడని తర్వాత చెప్పాడు. నేను ఊళ్ళో లేనమ్మా అన్నా సరిపోయేది. ఆయన చేతిలో కర్ర కింద పెట్టారు. ఎవరితో మాట్లాడినా కళ్ళలోకి చూసే మనిషి, నేల చూస్తూ చెప్పారు.

"లేదమ్మా. ఎత్తనివ్వలేదు. ఇద్దరు రెక్కలు విరిచి పట్టుకున్నారు. కొట్టింది నేను."

ఆవిడ అరవలేదు, తిట్టలేదు. ఏమన్నాడు అని అడిగింది. తలకి తగిలాక మొహం తుడుచుకోడానికి తువ్వాలు అడిగాడమ్మా, అన్నారు. ఇచ్చావా అంది. లేదమ్మా, మళ్ళీ కొట్టాను, మెడ మీద, చెప్పకుండానే కొట్టాను, అన్నారు. కొట్టించిందెవరో కూడా చెప్పారు. ఆవిడ అంతా విన్నది. విని, నేల మీద వరసగా ఉన్న కర్రల్ని ఒక్కొక్కటే తొక్కుకుంటూ, దాటుకుంటూ పాకలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వెళ్ళిపోయింది. ఎవ్వరం కదల్లేదు. వస్తాదు గారు తల వంచుకునే ఉన్నారు.

మర్నాటి నుంచి తాలింఖానా మూత. ఆ గురువారం నుంచి ఊరు ఒక వింత చూసింది. వస్తాదు గారు కుడిచేతిని నడుముకి ఆనించి, తువ్వాలుతో గట్టిగా కట్టించుకుని, సంతలో సరిగ్గా ఆ మనిషి పడిన చోటికి వచ్చి నిలబడ్డారు. పొద్దున్న సంత మొదలైనప్పటి నుంచి మిట్టమధ్యాహ్నం దాకా. మళ్ళీ గురువారం మళ్ళీ అంతే. పిచ్చెక్కిందన్నారు. ఆకతాయిలు వెనకనుంచి కుళ్ళిన వంకాయలు విసిరేవారు. కట్టిన చెయ్యి తువ్వాల్లో పామల్లే కొట్టుకునేది. అది చూసి నవ్వేవారు.

ఎందుకండీ ఇదంతా అని అడిగాను. "వాళ్ళబ్బాయి ఎదిగాడండి. ఇప్పుడు తెలిసింది కదా, కర్ర పట్టుకుని వస్తాడు. రావాలి కూడా. ఈ చెయ్యి ఊరుకోదు, మీరు చూశారుగా. తండ్రిని చంపాను, కొడుకుని కూడా చంపమంటారా?" అన్నారు. ఆయనలో అంత భయం నేను అంతకుముందు చూడలేదు. చావంటే కాదు, తన చెయ్యంటే.

కొడుకు రాలేదు. వచ్చింది సర్పంచి మనుషులు. సినిమా వచ్చాక ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్న సర్పంచికి, వాళ్ళ నాన్న పేరు వస్తాదు గారి నోటంట వచ్చిందని తెలిసింది. ఒక గురువారం నలుగురు వచ్చి, కర్రలు కాదు, గొడ్డళ్ళ పిడులతో కొట్టారు. సంత నిండా జనం. నేనూ ఉన్నాను, ఉల్లిపాయల బస్తాల వెనక. పక్కటెముకలు విరగడం వినబడింది. మోకాలి చిప్ప పగిలింది. ఆయన ఎడంచెయ్యి ఖాళీగానే ఉంది, అదీ ఎత్తలేదు. కట్టిన చెయ్యి మటుకు తువ్వాలు చిరిగేదాకా గింజుకుంది. నోట్లోంచి నెత్తురు కక్కుతూ కూర్చున్నారు, నేల తడిమారు, పడ్డారు. ఆ ఊళ్ళో ఎవరికీ ఏమీ కనబడకపోవడం ఎలా జరుగుతుందో నాకు ఆ రోజు తెలిసింది. పోలీసులు అడిగితే ఉల్లిపాయలు కొంటున్నానని చెప్పాను.

మూడు నెలల తర్వాత ఊతకర్రతో మళ్ళీ వచ్చి నిలబడ్డారు. కుడిచెయ్యి మళ్ళీ కట్టుకునే. అలా నాలుగేళ్ళు, మంచాన పడేదాకా. ఆయన ఎవరి కోసం నిలబడ్డారో నాకు తెలుసు. ఆ మాట పేటకి వెళ్ళి ఆ తల్లీకొడుకులకి చెప్పొచ్చని నాకు ఒక్కసారీ తోచలేదు. తోచలేదంటున్నాను గానీ, ధైర్యం చాలలేదు.

మొన్న శ్మశానానికి వెళ్ళాను. శిష్యులు ఏడెనిమిది మంది వచ్చారు. కాలవ అవతలిగట్టు మీద ఒక మనిషి దూరంగా నిలబడి ఉన్నాడు. ముప్పై దాటినవాడు, చొక్కా జేబులో సంఘం పుస్తకం. చితి అంటించాక కూడా అక్కడే ఉన్నాడు. ఆ కొడుకేనని శిష్యుడు చెప్పాడు. నేను వంతెన దాటి వెళ్ళాను. ఆయన నీ కోసం నాలుగేళ్ళు సంతలో నిలబడ్డారయ్యా, నువ్వు రాలేదేం అని అడిగాను. క్షమించావా అని కూడా అడిగానేమో. అలాంటి మాటలు నా నోటికి తేలిగ్గా వస్తాయి.

అతను నా వంక చూడలేదు, మంట వంక చూస్తూ చెప్పాడు.

"అమ్మ వెళ్ళనివ్వలేదండి. రెక్కలు కట్టేసున్న మనిషిని కొట్టడం వాళ్ళ విద్య, మనది కాదంది. కట్టు విప్పుకుని వచ్చిన రోజు వెళ్దువు గాని అంది. నేనూ ప్రతి గురువారం వచ్చేవాణ్ణండి. కొబ్బరికాయల బండి వెనకాల, కర్ర పట్టుకునే నిలబడేవాణ్ణి. ఒక్క గురువారమైనా విప్పుకొస్తాడేమోనని చూశానండి."